గేటు దగ్గర ముక్కు పరీక్ష

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అందులో నేను మొదటి సగమే నేర్చుకున్నానని మా ఆయన అంటారు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికే మనిషి కాబట్టి నా భయాలు ఆయన చెవిదాకా వెళ్ళవు. నాకు మాత్రం ఫోను మోగితే ముందు గుండె ఆగుతుంది, ఆ తర్వాతే చెయ్యి ఫోను మీదికి వెళ్తుంది. ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను. తీరా ఎత్తితే, జిప్పు ఊడిన ప్యాంటు ఎప్పుడు తెమ్మంటారని ఎవరో అడుగుతుంటారు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుంటాను.

ఆ రోజు కూడా ఎవరి ప్యాంటుకో కింది మడత కుడుతున్నాను. మా అమ్మాయి గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది. అందుకే దాన్ని పిచ్చుక అని పిలుస్తాం. ఇప్పుడు నాకంటే జానెడు పొడవు.

"అమ్మా, తెరుస్తున్నారు" అంది.

"ఏమిటే తెరిచేది?"

"యూనివర్సిటీ. ఆఖరి సంవత్సరం వాళ్ళని ముందు రమ్మంటున్నారు. ప్రాక్టికల్స్ మొదలవుతాయట."

సూది నా వేల్లో దిగలేదు గానీ దిగినంత పనైంది.

మా పిచ్చుక చదివేది పళ్ళ డాక్టరు చదువు. లోకమంతా మహమ్మారికి భయపడి ముక్కూ నోరూ కట్టుకుని తిరుగుతుంటే, నా కూతురిది ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించి లోపలికి తొంగిచూసే చదువు. ఇంకే చదువూ దొరకలేదా అని నేను చాలాసార్లు అన్నాను. లెక్కలు చదివి ఉంటే పలక ముందు కూర్చునేది కదా. పలక దగ్గదు, తుమ్మదు.

యూనివర్సిటీ మూసేశాక పాఠాలన్నీ ఫోనులోకి వచ్చాయి. కానీ పన్ను చెక్కడం ఫోనులో ఎలా వస్తుంది? మొదట్లో అది సబ్బుబిళ్ళలు తీసుకుని చిన్న చాకుతో పళ్ళు చెక్కేది. స్నానాల గదిలో ఎటు చూసినా దవడ పళ్ళూ కోరపళ్ళూ. "ఇవాళ నీ జ్ఞానదంతంతో ఒళ్ళు రుద్దుకున్నానే, తెలివి పెరిగినట్టే ఉంది" అని మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చేవారు. అది గుర్రుగా చూసేది. సగం చెక్కినవి ముట్టుకోవద్దని గోల చేసేది.

తర్వాత్తర్వాత ఆ గోల తగ్గింది. సబ్బులు సబ్బుల్లాగే ఉండిపోయాయి. పాఠం నడుస్తున్నా ఫోను దిండు పక్కన బోర్లా పడి ఉండేది. పిలిస్తే పలికేది, పెడితే తినేది. ఒకటి అడిగితే ఒకటే జవాబు. నాకు జ్వరం కొలిచే సాధనం ఉంది గానీ ఇది కొలిచేది ఏదీ లేదు. రోజూ దాని నుదురు తాకి చల్లగా ఉందని తృప్తి పడేదాన్ని.

"ఎప్పుడు రమ్మన్నారు?" అన్నాను, మిషను చక్రం మీద చెయ్యి పెట్టి.

"వచ్చే సోమవారం. లోపలికి వెళ్ళినవాళ్ళు పరీక్షలయ్యేదాకా హాస్టల్లోనే ఉండాలి. చిన్న బ్యాచ్. ఆ రోజు మధ్యాహ్నానికి గేటు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు మళ్ళీ ఏడాది బ్యాచ్‌తోనే."

"మళ్ళీ ఏడాది వెళ్తే ఏం పోయిందే? పళ్ళు ఎక్కడికీ పోవుగా!"

ఎదురు చెబుతుందనుకున్నాను. వాదిస్తే నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. హాస్టలు నీళ్ళు, పక్క మంచం పిల్ల, నోరు తెరిచే రోగి, ఆ రోగి ఇంట్లో దగ్గే ముసలాయన. అది మాత్రం, "సరే అమ్మా, నీ ఇష్టం" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మెల్లిగా వేసుకుంది. ధడాలున వేసినా బాగుండేది.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చేతులు కడుక్కుంటుండగా సంగతి చెప్పాను. ఎప్పటిలా హాస్యమాడతారనుకున్నాను. ఆయన చేతులు తుడుచుకుని, తువాలు దండెం మీద వేసి, నా వైపు తిరిగారు.

"ఇంట్లో ఉంటే క్షేమం అనుకుంటున్నావా? పెట్టెలో పెట్టిన బట్టకి కూడా చిమ్మట పడుతుంది. అది నీకే బాగా తెలియాలి."

"చిమ్మట పడితే రఫూ చేస్తాను. మనిషికి ఏదైనా అయితే నేనేం చెయ్యనండీ?"

"అదేనే నేనూ అడుగుతున్నది. మనిషి చిల్లులు పడుతుంటే ఏం చేస్తున్నావు?"

ఒప్పుకోలేదు, కాదనలేదు. మర్నాడు దాని బట్టలు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాను. అంతే.

మా వదినకి ఈ మాట ఎలా చేరిందో తెలియదు. మా ఆయనకి అక్క. లోకంలో ఎక్కడ ఎవరికి జ్వరం వచ్చినా ఆమెకు ముందు తెలుస్తుంది, ఆమె తర్వాత నాకు తెలుస్తుంది. ఆమె ఫోనులోనే నేర్చుకున్నాను, ముక్కు కింద బామ్ రాసుకుంటే క్రిమి ముక్కు దాకా వచ్చి ఆ ఘాటుకి కళ్ళు మండి వెనక్కి పోతుందని. ఆ మహమ్మారి మొదలైనప్పటి నుంచీ మా ఇంట్లో గడప దాటే వాళ్ళెవరికైనా పైపెదవి మీద బామ్ రాయకుండా నేను పంపలేదు. "క్రిమికి జలుబు చేసి ఉంటే? దానికి ఘాటు తెలియదుగా!" అని మా ఆయన అనేవారు. అంటూనే మూతి ముందుకు చాచేవారు. మా ఇంట్లో తలుపులు, దిండ్లు, తువాళ్ళు అన్నీ బామ్ వాసనే. కొత్తగా వచ్చినవాళ్ళు తుమ్మేవాళ్ళు. తుమ్మినవాళ్ళని నేను గుమ్మం నుంచే పంపేసేదాన్ని. మాకు మాత్రం ఆ వాసన అనేదే తెలిసేది కాదు, చేపకి నీళ్ళు తెలియనట్టు.

"మరదలా, పంపుతున్నావటగా" అంది వదిన.

"నేనేం పంపట్లేదు వదినా. వాళ్ళ నాన్న పంపుతున్నారు."

"వాడికేం, చిన్నప్పుడు గోడలు దూకినవాడు. పిల్లకి బామ్ బాగా పట్టించు. మామూలుగా కాదు, రెండింతలు."

నేను మూడింతలు పట్టించాను. సోమవారం పొద్దున సంచులన్నీ గుమ్మంలో పెట్టి, దాన్ని నిలబెట్టి, ముక్కు కింద, ముక్కు పక్కన, ముక్కు లోపలి అంచులకి కూడా. అది కళ్ళు మూసుకుని నిలబడింది. చిన్నప్పుడు కాటుక పెడుతుంటే అలాగే నిలబడేది. నేను కుట్టిన మూడు పొరల మాస్కు దానిపైన కట్టాను.

మా ఆయన స్నేహితుడి వ్యాను తెచ్చారు. దారంతా దుకాణాల షట్టర్లు సగం ఎత్తి ఉన్నాయి. రోడ్డు మీద ఎవరికి వాళ్ళే దూరదూరంగా నడుస్తున్నారు, ఒకరితో ఒకరికి తగాదా అయినట్టు. పిచ్చుక వెనక సీట్లో ఒళ్ళో సంచి పెట్టుకుని, కిటికీ అద్దానికి నుదురు ఆనించి చూస్తోంది. "అద్దానికి ఆనకే, ఎవరెవరు ఆనారో" అన్నాను. నుదురు వెనక్కి తీసింది. కాసేపటికి మళ్ళీ ఆనించింది.

యూనివర్సిటీ గేటు దగ్గర నేలంతా తెల్ల సున్నంతో గుండ్రాలు గీశారు. ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్క పిల్ల, ఒక్కొక్క పిల్లవాడు, పక్కన ఒక సూట్‌కేసు. ఏడాదిగా పెరిగిన గడ్డిని ఒకాయన లోపల యంత్రంతో కోస్తున్నాడు. తాజాగా కోసిన గడ్డి వాసన అక్కడంతా ఉందని ఎవరో అన్నారు. నాకు రాలేదు. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

వాచ్‌మన్ ఒక్కొక్కరికీ నమస్కారం పెడుతున్నాడు. పెద్ద వయసాయన, యూనిఫాం కొత్తగా ఇస్త్రీ చేసి ఉంది.

"రండి బాబూ రండి. ఏడాదిగా పిల్లులకి సెల్యూట్ కొట్టి కొట్టి నా చెయ్యి చులకనైపోయింది. ఒక్క పిల్లీ తిరిగి పలకరించలేదు!"

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఈయనకి ఈ వయసులో ఇంటి దగ్గర ఉండక ఈ ఉద్యోగమెందుకని ఆలోచిస్తున్నాను.

తోడుగా ఒక్కరే రావాలన్నారు. మా ఆయన వ్యాను దగ్గర ఆగిపోయారు. కూతుర్ని దగ్గరికి తీసుకోవడానికి చేతులు చాచి, నా వైపు చూసి, చాచిన చేతులతోనే గాలిలో స్టీరింగు తిప్పినట్టు తిప్పి, "జాగ్రత్తగా నడుపు డాక్టరమ్మా" అన్నారు. అది తల ఊపింది. ఆయన గబగబా వ్యాను వెనక్కి వెళ్ళి టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగారు.

గేటు పక్కన గుడ్డ పందిరి వేశారు. అందులో బల్ల, బల్ల వెనక ఒక నర్సమ్మ. మాస్కు మీద మాస్కు, దానిపైన ముఖమంతా కప్పే ప్లాస్టిక్ అద్దం. కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, అలసిపోయిన కళ్ళు. నుదుటి మీద జ్వరం చూసే తుపాకీ పెట్టింది. జ్వరం లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత బల్ల మీద నాలుగు చిన్న సీసాలు వరసగా పెట్టింది.

"ఈ జబ్బు వచ్చినవాళ్ళకి కొందరికి జ్వరం రాకుండానే వాసన పోతుందమ్మా. అందుకే ముక్కు పరీక్ష. మాస్కు గడ్డం దాకా దించు. కళ్ళు మూసుకో. ఇదేం వాసన?"

పిచ్చుక ముందుకు వంగి పీల్చింది. మళ్ళీ పీల్చింది.

"తెలియట్లేదు సిస్టర్."

"పరవాలేదు, కంగారు పడకు. ఇది?"

"ఇదీ... అంతా ఒకేలా ఉంది."

మూడో సీసా మూత తీస్తూ నర్సమ్మ కొంచెం నవ్వినట్టుంది. "ఇది మీ పళ్ళ విభాగం వాళ్ళు నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

పిచ్చుక పీల్చింది. కళ్ళు తెరిచింది. ముఖంలో నెత్తురు లేదు.

"లవంగ నూనె అయ్యుంటుంది" అంది. "అయ్యుంటుందని తెలుసు. కానీ రావట్లేదు."

నర్సమ్మ సీసా మూత పెట్టేసి, కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది. ఆ జరుపుకోవడం చూశాను. వచ్చేసింది. నేను భయపడ్డదంతా వచ్చేసింది. ఎక్కడ తగిలింది? వాళ్ళ నాన్న బస్సులోంచా? నేను సరిచేసిన బట్టల్లోంచా? ఎవరి ప్యాంటు? ఆసుపత్రి, గొట్టాలు, అద్దం అవతల పడుకున్న నా కూతురు, ఇవన్నీ ఒక్క ఊపిరిలో చూసేశాను.

"అమ్మా, మీరు కూడా దూరం జరగండి" అంది నర్సమ్మ నాతో. పిచ్చుకతో మెత్తగా, "నమూనా తీసి పంపిస్తాను. రిపోర్టు రావడానికి రెండు రోజులు పడుతుంది. అప్పటిదాకా ఇంట్లో విడిగా ఉండు. ఈ బ్యాచ్ ఇవాళతో మూసేస్తున్నారు తల్లీ. నా చేతిలో ఏం లేదు" అంది.

పిచ్చుక ఏడవలేదు. "సరే సిస్టర్" అంది. సంచి పట్టీ భుజం మీదికి లాక్కుంది. అదే గొంతు. గదిలోకి వెళ్ళి తలుపు మెల్లిగా వేసుకున్నప్పటి గొంతు.

అప్పుడు నా వైపు తిరిగింది. మాస్కు ఇంకా గడ్డం కిందే ఉంది. ఎండ దాని ముఖం మీద పడుతోంది. పైపెదవి మీద, ముక్కు పక్కల, నెయ్యి పూసినట్టు నిగనిగ మెరుస్తోంది.

బామ్.

జబ్బూ లేదు, గిబ్బూ లేదు. అంత ఘాటు మూడింతలు పట్టిస్తే ఏనుగు తొండానికైనా లవంగ నూనె తెలుస్తుందా? నర్సమ్మకి రెండు మాస్కులు, ఒక అద్దం. ఆమెకి ఆ వాసన తగలదు. మాకు అలవాటైపోయి తెలియదు. అక్కడున్న మనుషుల్లో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను.

ఎందుకంటే, ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. నేను నోరు మెదపకపోతే చాలు. ఎవరితో పోట్లాడనక్కర్లేదు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. నర్సమ్మే పంపేస్తోంది. పిచ్చుక ఇంటికి వచ్చేస్తుంది. దాని గది, దాని మంచం, నా చేతి అన్నం. ఎవరి నోట్లోకీ తొంగి చూడక్కర్లేదు. రెండు రోజులకి రిపోర్టు బాగానే వస్తుంది, అందరం ఊపిరి పీల్చుకుంటాం. దానికి ఏ హానీ జరగదు. ఒక్క ఏడాది పోతుంది, అంతేగా. అది నన్ను తప్పుపట్టే అవకాశం కూడా లేదు. అడక్కుండానే దేవుడు వరం తెచ్చి నా కొంగులో పోశాడు. ముడి వేసుకోవడమే తరువాయి.

పిచ్చుక సూట్‌కేసు చక్రాల మీద వెనక్కి తిప్పింది. పక్క గుండ్రంలో నిలబడ్డ పిల్ల ఎవరో, దాని స్నేహితురాలే కాబోలు, చెయ్యి ఎత్తింది. మా పిచ్చుక కూడా చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి ఊపలేదు. అలాగే కాసేపు ఉంచి, దించేసింది. ముసలివాళ్ళు అలా దించుతారు, ఇంక ఎత్తే పని లేదన్నట్టు.

"బామ్!" అన్నాను.

నర్సమ్మ ఉలిక్కిపడింది. "ఏమిటమ్మా?"

"బామ్ రాశానమ్మా. జలుబు బామ్. ముక్కు నిండా పట్టించాను. పిల్లకి ఏం రోగం లేదు, ఉన్న రోగం నేనే. కావాలంటే చూడండి, ఎలా మెరుస్తోందో!"

గుండ్రాల్లో పిల్లలంతా మావైపు తిరిగారు. వాచ్‌మన్ రెండడుగులు వేసి వచ్చి, దూరం నుంచే ముక్కు ఎగబీల్చి, "నిజమేనమ్మా సిస్టరమ్మా. ఇందాకటి నుంచీ ఎవరికో పెద్ద జలుబని నేననుకుంటున్నా" అన్నాడు.

నర్సమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. కోప్పడుతుందనుకున్నాను. తల పట్టుకుంది. "పొద్దుటి నుంచీ వేడినీళ్ళు తాగొచ్చినవాళ్ళని చూశాను, ఉప్పునీళ్ళు పుక్కిలించి వచ్చినవాళ్ళని చూశాను. మీలా పిల్ల ముక్కుకి తాళం వేసి తెచ్చినవాళ్ళని చూడలేదు ఆంటీ."

వెనకనున్న గదిలోకి వెళ్ళి ఎవరో పెద్ద ప్రొఫెసరుతో మాట్లాడి వచ్చింది. ముఖం బాగా కడుక్కోవాలి, వాళ్ళిచ్చే కొత్త మాస్కు కట్టుకోవాలి, ముక్కు తేటపడేదాకా బయట గాలిలో కూర్చోవాలి. గేటు మూసేలోపు ఇంకొక్కసారి చూస్తారు. అప్పుడూ రాకపోతే ఇంటికే.

కుళాయి దగ్గర పిచ్చుక ముఖం రుద్ది రుద్ది కడుక్కుంది. ఎర్రగా కందింది. వచ్చి సిమెంటు బెంచీకి ఒక చివర కూర్చుంది. నేను ఇంకో చివర. మధ్యలో ఎవరో అతికించిన కాగితం: ఇక్కడ కూర్చోరాదు.

కోసిన గడ్డిని లోపల బండికి ఎత్తుతున్నారు.

"కావాలనే రాశావా అమ్మా?"

"లేదే! నీ మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. మరి నాకు వాసన రానప్పుడు వెంటనే ఎందుకు చెప్పలేదు?"

"నాకు అప్పుడు తట్టలేదు. జబ్బే అనుకున్నాను. చచ్చినంత పనైంది."

"తర్వాత తట్టింది కదా. నేను నీ వైపు తిరిగినప్పుడు. నీ కళ్ళు చూశాను. తట్టాక కూడా ఊరుకున్నావు."

అది డాక్టరవుతుందని ఎవరికైనా అనుమానం ఉంటే అక్కడ తీరిపోయేది. లోపల ఎక్కడ పుచ్చిందో సరిగ్గా అక్కడే పట్టుకుంది.

"చెబితే నువ్వు లోపలికి వెళ్ళిపోతావని" అన్నాను.

అరుస్తుందేమో అనుకున్నాను. అది చెప్పుతో నేల మీద గీత గీస్తూ కూర్చుంది.

"నాకూ భయంగానే ఉందమ్మా, వెళ్ళాలంటే" అంది చివరికి. "ఏడాదైంది చేత్తో పరికరం పట్టుకుని. చెయ్యి వణికితే? ఎవరి చిగుళ్ళలోనో గుచ్చేస్తే? ఎవరైనా నా ముఖం మీదే దగ్గితే? రాత్రంతా నీలాగే అన్నీ ఊహించుకున్నాను."

"మరైతే..." అన్నాను. ఆశ కాదు. అలవాటు.

"ఇంట్లో ఉంటే అంతకంటే భయంగా ఉంది."

చాలా మెల్లిగా చెప్పింది. దగ్గరికి జరగబోయాను. మధ్యలో కాగితం. దాని మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను.

"ఇప్పుడేమైనా వాసన వస్తోందా?" అని అడిగాను.

ముక్కు ఎగబీల్చింది. "రావట్లేదు." ఇంకోసారి పీల్చింది. "ఇంకా ఏం రావట్లేదమ్మా."

"కంగారు పడకు. చీదు. గట్టిగా చీదు."

చీదింది. మామూలు రోజుల్లో అయితే చుట్టుపక్కల ఎవరైనా అలా చీదితే నేను వీధి దాటేసేదాన్ని. ఆ రోజు నా చేతిరుమాలు తీసి దానివైపు విసిరి, "ఇంకా గట్టిగా!" అని పురమాయించాను. "ఇంకోసారి! నీ ముక్కులో మీ అత్త కూర్చుందనుకో, బయటికి తోసెయ్!"

అటు వెళ్తున్న ఒక పిల్లవాడు భయపడి దూరంగా తిరిగి వెళ్ళాడు.

గుండ్రాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. వాచ్‌మన్ గేటు ఒక రెక్క అప్పుడే మూశాడు. రెండో రెక్క మీద చెయ్యి వేసి మావైపు చూస్తూ నిలబడ్డాడు. నర్సమ్మ పిలిచింది.

నన్ను పందిరి బయటే ఆగమన్నారు. నర్సమ్మ సీసాల వరస మార్చింది. పిచ్చుక కొత్త మాస్కు దించి కళ్ళు మూసుకుంది. నేను కూడా మూసుకున్నాను.

"ఇది?"

ఊపిరి తీసిన చప్పుడు. ఇంకొక ఊపిరి.

"నిమ్మ... నిమ్మతొక్క."

నా ముక్కులో బామ్ తప్ప ఏం లేదు గానీ నాకు నిమ్మ వాసన వచ్చిందంటే నమ్మండి.

"ఇది?"

"కాఫీ. కాఫీ పొడి."

"ఇది?"

ఈసారి చప్పుడు లేదు. కళ్ళు తెరిచి చూశాను. పిచ్చుక సీసా మీదికి వంగి ఉంది. పీల్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ పీల్చింది. పిచ్చుక వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి.

"ఏదో ఒకటి చెప్పవే! లవంగ నూనె అని చెప్పు!" అన్నాను బయట నుంచి.

"ఆంటీ!" అని నర్సమ్మ గద్దించింది.

పిచ్చుక తల ఎత్తింది. అబద్ధం చెబుతుందా అని నేను దాని ముఖం చూస్తున్నాను. చెప్పాలనే నా ప్రార్థన.

"ఇందులో నాకేం వాసనా రావట్లేదు సిస్టర్" అంది. "నిజంగా ఏం రావట్లేదు."

నర్సమ్మ ఆ సీసా మూత పెట్టి పక్కకి జరిపింది. "అందులో ఉన్నది మంచినీళ్ళు. ఊహించి చెప్పేవాళ్ళని పట్టుకోవడానికి" అని నావైపు ఒక చూపు చూసింది. "మీరు రాసుంటే ఫెయిలయ్యేవారు."

నాలుగో సీసా నర్సమ్మ తెరవకముందే పిచ్చుక చెప్పేసింది. మూత చుట్టూ అంటుకున్న వాసనే చాలట. "లవంగ నూనె" అంటూ కళ్ళు మూసుకునే ఉండిపోయింది. ఇంకా పీలుస్తూనే ఉంది. ఇక చాలమ్మా అని నర్సమ్మ సీసా లాక్కోవాల్సి వచ్చింది.

చేతికి పచ్చ పట్టీ కట్టారు. మడత విప్పని తెల్లకోటు ఒకటి ఇచ్చారు. అక్కడి నుంచి నేల మీద ఒక పసుపు గీత. అది దాటి తోడొచ్చినవాళ్ళు రాకూడదు.

పిచ్చుక గీతకి అవతల, నేను ఇవతల. ఏడాదిగా నేను దానికి చెప్పని జాగ్రత్త అంటూ ఏదీ లేదు. చెప్పాల్సిందేదో వెతుక్కున్నాను.

"చెయ్యి వణికితే కాసేపు ఆగు" అన్నాను. "దారం ఎక్కకపోతే నేను అలాగే ఆగుతాను. మళ్ళీ ఎక్కుతుంది."

అది తల ఊపింది. కళ్ళు తుడుచుకోబోయి, ముఖం ముట్టుకోకూడదని గుర్తొచ్చి, భుజంతో తుడుచుకుంది. సూట్‌కేసు లాక్కుంటూ వెళ్ళిపోయింది. వాచ్‌మన్ నమస్కారం పెట్టి రెండో రెక్క కూడా మూసేశాడు.

నేను కదల్లేదు. గేటు ఊచల్లోంచి చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వ్యాను దగ్గర నుంచి వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడిగితే బామ్ అన్నారు.

లోపల కోసిన గడ్డి మీద పిల్లలంతా కోట్లు తొడుక్కుంటున్నారు. తెల్లకోటు, నీలం మాస్కు, నెత్తికి టోపీ. ఒకే అచ్చులో పోసినట్టున్నారు. ఏది మన పిచ్చుక అంటే ఏది అని ఇద్దరం వెతికాం. కుడివైపు పిల్ల అని ఆయన, కాదు ఎడమ పక్క అని నేను. ఇంతలో ఎవరో ఏదో అన్నట్టున్నారు. ఒక్కసారి పెద్దగా నవ్వు. మధ్యలో గురక లాంటి చప్పుడొచ్చే నవ్వు, నలుగురిలో ఉన్నప్పుడు నోరు మూసుకుని నవ్వమని నేను ఎన్నోసార్లు తిట్టిన నవ్వు. మేం చూపిన ఇద్దరిలో ఎవరూ కాదు. వెనక నిలబడ్డ పిల్ల. నడుం వంచి, మోకాళ్ళు పట్టుకుని నవ్వుతోంది.

మా ఆయన ఏదో అనబోయారు. నేను వినలేదు. నవ్వీ నవ్వీ దాని మాస్కు ముక్కు మీద నుంచి కిందికి జారడం చూశాను. ఊచలు రెండు చేతులతో పట్టుకున్నాను.

"మాస్కు పైకి లాక్కోవే!" అని నా శక్తికొద్దీ అరిచాను.

గడ్డి మీద ఉన్నవాళ్ళందరి చేతులూ ఒక్కసారిగా ముక్కుల మీదికి వెళ్ళాయి. వాచ్‌మన్ కూడా సర్దుకున్నాడు.